మూడక్షరాల జెర్సీ: సన్ నంబర్ 7, ఆర్నెల్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒరిజినల్ జెర్సీ రివ్యూ కాదు. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు టాటెన్‌హామ్ హాట్‌స్పర్ తెల్ల జెర్సీ, వెనక కొరియా ఆటగాడు సన్ పేరు, 7 నంబరు, హైదరాబాద్ కోఠి దగ్గర ఒక స్పోర్ట్స్ షాపులో కొన్న కాపీ. షాపు పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఒరిజినల్ కొనగలిగినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, మిగతావాళ్లు కూర్చోండి, కాస్త పొడుగు కథే.

2025 సెప్టెంబరులో కొన్నా. నిజానికి వెళ్లింది మా అన్నయ్య కొడుక్కి స్టడ్స్, అంటే ఫుట్‌బాల్ ఆడే ముళ్ల బూట్లు, కొనడానికి. వాడికి పదకొండేళ్లు, శని, ఆదివారాలు కోచింగుకి వెళ్తాడు. స్టడ్స్ సైజు వెతుకుతుంటే పైన హ్యాంగర్‌కి ఈ తెల్ల చొక్కా కనిపించింది. ఎంత అంటే షాపబ్బాయి చాలా నిజాయితీగా చెప్పాడు, "ఆయన టీమ్ల నుంచి పోయిండన్నా, గందుకే తక్కువల ఇస్తున్న" అని. ఆగస్టులోనే సన్ టాటెన్‌హామ్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు మరి. పదేళ్లు ఆడిన మనిషి విమానం ఎక్కి నెల తిరక్కుండా కోఠిలో రేటు పడిపోయింది.

చొక్కా 650. పేరుకి అక్షరానికి 20, నంబరుకి 80. మొత్తం 790 అయితే 750కి ఇచ్చాడు. ఇక్కడ సన్ అభిమానులకు ఉన్న లాభం గమనించాలి, మూడే అక్షరాలు, అరవై రూపాయల్లో పేరు అయిపోతుంది. మా టర్ఫ్ బ్యాచ్‌లో లివర్‌పూల్ క్లబ్బు పిచ్చోడొకడున్నాడు, అలెగ్జాండర్-ఆర్నాల్డ్ అని పూర్తిగా రాయించుకున్నాడు, పదిహేను అక్షరాలు, మధ్యలో గీతకి కూడా డబ్బులు తీసుకున్నారట. మూడు నెలలకే ఆ ఆటగాడు రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. మావాడు ఇప్పటికీ ఆ చొక్కా లోపలివైపు బయటికి తిప్పి వేసుకుంటాడు.

కాపీల్లో మళ్లీ రకాలుంటాయి. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, థాయ్ క్వాలిటీ అంటారు, ఏది ఏదో అమ్మేవాడికీ పూర్తిగా తెలిసినట్టు నాకు అనిపించలేదు. నాది మాస్టర్ అన్నాడు. చేత్తో చూసి తెలుసుకోవాలంటే ఛాతీ మీద గుర్తు చూడండి. దారంతో కుట్టిన ఎంబ్రాయిడరీ అయితే కాస్త మేలు రకం, రబ్బరులా అంటించింది అయితే ఆట కోసం కొనే టైపు. నాది కుట్టిందే. కానీ లోపలివైపు దారం ముడులు అలాగే వదిలేశారు, మొదటి రోజు అరగంట ఆడేసరికి సరిగ్గా గుండె మీద గోకుడు మొదలైంది. ఒక పాత కర్చీఫ్ ముక్క లోపల వేసి కుట్టించా, పోయింది.

ఆ గుర్తు గురించి ఒక మాట. బంతి మీద ఎక్కి నిలబడ్డ కోడిపుంజు. భీమవరం నుంచి వచ్చిన మా పెదనాన్న అది చూసి, ఫుట్‌బాల్ సంగతి పక్కన పెట్టి, "ఒరేయ్, కాకి పుంజురా ఇది, నిలబడ్డం చూడు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. హ్యారీ హాట్‌స్పర్ అనే పాతకాలపు ఇంగ్లిష్ యోధుడు గుర్రాన్ని మడమకి కట్టిన ముల్లుతో పొడిచి దౌడు తీయించేవాడట, క్లబ్బుకి ఆ పేరే పెట్టుకున్నారు. పందెం కోళ్లకీ అలాంటి ముళ్లే కట్టేవాళ్లు కాబట్టి గుర్తుగా పుంజు వచ్చింది. అంటే మన కత్తి కట్టడమే. పెదనాన్నకి ఇది చెప్పాక ఆ చొక్కా మీద గౌరవం పెరిగింది, మ్యాచ్ మాత్రం ఒక్కటీ చూడలేదు.

సైజు దగ్గర జాగ్రత్త. నేను మామూలుగా ఎల్ వేసుకుంటా. షాపులో అది ఏషియన్ సైజు అని చెప్పి ఎక్స్ఎల్ ఇచ్చాడు. అది కూడా పొట్ట దగ్గర పట్టేసింది. డబుల్ ఎక్స్ఎల్ తీసుకోవాల్సింది. ఆసియా నుంచి వెళ్లి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్‌కి ఇచ్చే గోల్డెన్ బూట్ కొట్టిన మొదటి మనిషి పేరు వేసుకుని ఏషియన్ సైజులో పట్టకపోవడం నా ఖర్మ. గుడ్డ మాత్రం బాగుంది. డాట్ నిట్ అంటారు చూడండి, సన్న చిల్లులుంటాయి, గాలి ఆడుతుంది. తెల్లది కాబట్టి చెమట పట్టాక లోపల బనియను చేతుల అంచుతో సహా కనిపిస్తుంది, అది వేరే విషయం.

ఇక వెనక పేరు. ఎస్, ఓ, ఎన్. ఇది వేసుకుని తిరిగితే ఏం జరుగుతుందో కొనేముందు ఆలోచించుకోండి. లిఫ్ట్‌లో ఒకాయన "ఫాదర్ చొక్కా కూడా ఉందా?" అన్నాడు. మా వదిన అయితే "ఎవరి సన్నో కూడా రాయించాల్సింది మరిదిగారూ" అంది. నిజానికి పలకాల్సింది సోన్ అని, కామెంటేటర్లు సన్ సన్ అని అలవాటు చేశారు. అది ఇంటిపేరు. కొరియాలో కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. సోన్ హ్యుంగ్‌మిన్. 1992 జులై 8న చుంచియాన్ అనే ఊళ్లో పుట్టాడు.

వదిన సరదాకి అన్నా, ఎవరి సన్ అన్న దగ్గరే ఆయన కథ మొదలవుతుంది. తండ్రి సోన్ వుంగ్‌జుంగ్ కూడా కొరియాలో ప్రొఫెషనల్ ఆటగాడే, దెబ్బ తగిలి ఇరవై ఎనిమిదేళ్లకే ఆట ఆగిపోయింది. తనకి అందనిది కొడుకులకి నేర్పాలని కూర్చున్నాడు. మ్యాచ్‌లు కాదు, గోల్స్ కాదు, ముందు బంతి కాలు మీద నిలవాలి, అంతే. ఒకసారి అన్నదమ్ములిద్దరూ కొట్టుకుంటే శిక్షగా నాలుగు గంటలు బంతి కింద పడకుండా ఆడించమన్నాడట. మూడు గంటలయ్యేసరికి కళ్లకి మూడు బంతులు కనపడ్డాయని, నేల ఎర్రగా కనిపించిందని సన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

ఇది మా అన్నయ్య కొడుక్కి చెప్పా, స్ఫూర్తి పొందుతాడని. వాడు బంతి పట్టుకుని నిలబడి, "బాబాయ్, నాలుగు గంటలంటే మరి ఆ రోజు ట్యూషన్ లేదా వాళ్లకి?" అన్నాడు. బంతి కింద పడకుండా ఆడించే జగ్లింగ్‌లో వాడి రికార్డు అప్పటికి పద్నాలుగు.

తండ్రి సంగతి చెప్పేటప్పుడు మిగతాది దాచకూడదు. చుంచియాన్‌లో ఆయన పేరు మీద నడుస్తున్న అకాడమీలో పిల్లల్ని తిట్టారని, కొట్టారని 2024లో కేసు నడిచింది, కోర్టు ఆయనకి జరిమానా కూడా వేసింది. నాలుగు గంటల కథ సన్ నోట నవ్వుతూ విన్నప్పుడు బాగానే ఉంటుంది. సన్ కాలేకపోయిన పిల్లవాడి నోట అదే కథ ఎలా ఉంటుందో మరి. మావాడి కోచ్ గట్టిగా అరిచిన రోజు వాడు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినడు, అది చూస్తున్నా కాబట్టి రాస్తున్నా.

2008లో, పదహారేళ్లకి, కొరియా ఫుట్‌బాల్ సంఘం వాళ్లు కుర్రాళ్లని విదేశాలకి పంపే పథకంలో సన్ జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుకి వెళ్లాడు. ఇంటర్ చదివే వయసు. మనవాళ్లు జర్మనీకి ఎంఎస్‌కి వెళ్తే బ్యాగులో పచ్చడి సీసాలు, ఫోన్‌లో వంద మంది సీనియర్ల నంబర్లు ఉంటాయి, అయినా మొదటి చలికాలం ఏడుస్తారు. వీడికి భాష రాదు, చదువు మధ్యలో వదిలేశాడు. ఆ రోజుల్లో జాతి పేరుతో ఎన్ని మాటలు పడ్డాడో చాలా ఏళ్లు బయటికి చెప్పలేదు. 2010 అక్టోబరు 30న కొలోన్ జట్టు మీద బుండెస్‌లీగాలో, అంటే జర్మనీ పెద్ద లీగ్‌లో, మొదటి గోల్ కొట్టాడు, పద్దెనిమిదేళ్లు, హాంబర్గ్ తరఫున లీగ్‌లో గోల్ కొట్టినవాళ్లలో అందరికంటే చిన్నవాడు. గోల్‌కీపర్ ముందుకొస్తే బంతిని వాడి తల మీదుగా చెంచాతో తీసినట్టు లేపి, అవతలికి పరిగెత్తి వలలోకి నెట్టాడు, వీడియో దొరుకుతుంది, చూడండి.

2018 వరల్డ్ కప్‌లో కజాన్‌లో కొరియా 2-0తో జర్మనీని ఇంటికి పంపింది గుర్తుందా? రెండో గోల్ సన్‌ది. జర్మనీ గోల్‌కీపర్ గోల్ వదిలేసి పైకి వచ్చేశాడు, ఖాళీ గోల్‌లోకి పరిగెత్తుకెళ్లి కొట్టాడు. అప్పుడు నేను మామూలు సంచలనం అనుకున్నా. నాలుగేళ్ల తర్వాత 2022లో అభిమానుల ముందు ఆయనే చెప్పాడు, చిన్నప్పుడు అక్కడ పడిన వివక్షకి ఎప్పటికైనా బదులు తీర్చుకోవాలని మనసులో ఉండేదని. అది విన్నాక మళ్లీ ఆ క్లిప్ వేసుకుని చూశా. ఆ పరుగు నాకు వేరేగా కనిపించింది.

సరే, జెర్సీకి వద్దాం, ఎందుకంటే ఇక్కడే గొడవ. నాలుగో ఉతుకు తర్వాత మధ్యలో ఉన్న "ఓ" అంచు లేచింది. ప్యాకెట్‌లో ఒక చీటీ ఉంది, చల్లనీళ్లలో, తిరగేసి ఉతకాలని. నేను చదివా, మా వాషింగ్ మెషిన్ చదవలేదు. అయినా అంతవరకు పర్వాలేదు. తర్వాత బట్టలన్నీ కలిపి వీధి చివర ఇస్త్రీ బండికి వెళ్లాయి, అందులో ఇదీ వెళ్లింది. ఆయన పాపం ఎప్పట్లాగే బొగ్గుల పెట్టె పెట్టి ఒక్క రుద్దు రుద్దాడు. ఆ "ఓ" కాస్తా నిప్పుల మీద అప్పడంలా ముడుచుకుని పెట్టెకే అంటుకుంది. చొక్కా మీద మిగిలింది ఎస్, ఎన్. టర్ఫ్‌లో ఆ వారం మొత్తం నన్ను "ఎస్ఎన్ గారూ, పాస్ ఇవ్వండి" అని పిలిచారు.

షాపుకి తీసుకెళ్తే ముందు "ఇస్త్రీ చేస్తరా అన్నా ఎవరైనా" అని నన్నే తిట్టాడు, న్యాయమే. తర్వాత పాత జిగురు గీకేసి కొత్త ఓ వేసి, పైన బటర్ పేపర్ పెట్టి మెషిన్‌లో నొక్కి ఇచ్చాడు, 20 రూపాయలు తీసుకున్నాడు. కొత్త ఓ మిగతా రెండక్షరాల కంటే చిటికెడు లావుగా ఉంది, రంగు కూడా కాస్త ముదురు. దగ్గరికొస్తే తెలుస్తుంది. నంబరు 7 మాత్రం ఇప్పటికీ ఒక్క పగులు లేకుండా అలాగే ఉంది, దానికి వాడిన షీటు వేరే రకం అనుకుంటా. పేరుకీ అదే వాడొచ్చు కదా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. షాపు పేరు రాయకపోవడానికి ఇదే కారణం, మనిషి మంచివాడు, సరుకు అటూ ఇటూ.

జర్మనీలోనే ఇంకో క్లబ్బు లెవర్కుసెన్‌లో సన్ ఆడిన రోజులు వదిలేస్తున్నా, 2013 నుంచి రెండేళ్లు బాగానే ఆడాడు. అయితే 2015 ఆగస్టులో టాటెన్‌హామ్ కొన్నాక మొదటి ఏడాది గురించి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరికీ గోల్డెన్ బూటే గుర్తు. అప్పటికి ఆసియా ఆటగాళ్లలో అంత ధర పలికినవాడు లేడు, లీగ్‌లో కొట్టింది నాలుగు గోల్స్. ఎక్కువసార్లు బెంచి మీదే. ఏడాది తిరగ్గానే కోచ్ పోచెటినో గదికి వెళ్లి, నేను జర్మనీ వెళ్లిపోతాను అన్నాడు. కోచ్ ఆపాడు. ఆ సెప్టెంబరుకే లీగ్‌లో నెల ఉత్తమ ఆటగాడి అవార్డు వచ్చింది, ఆసియా నుంచి మొదటిసారి. కొత్త ఉద్యోగంలో మొదటి అప్రైజల్ చెత్తగా వచ్చి పేపర్ పెట్టేద్దామనుకున్నవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదువుకోవచ్చు.

మధ్యలో సైన్యం కత్తి ఒకటి నెత్తి మీద వేలాడుతూనే ఉంది. కొరియాలో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు దాదాపు రెండేళ్లు సైన్యంలో చేయాల్సిందే, కోట్లు సంపాదించే ఆటగాడైనా సరే. తప్పించుకోవాలంటే ఒలింపిక్స్‌లో ఏదో ఒక పతకం, లేదా ఆసియా క్రీడల్లో బంగారం. 2014లో కొరియాకి బంగారం వచ్చింది, కానీ లెవర్కుసెన్ వాళ్లు ఇతన్ని వదల్లేదు. 2016 రియోలో క్వార్టర్ ఫైనల్లో హోండురాస్ చేతిలో ఓడి మైదానంలోనే ఏడ్చాడు. మిగిలింది 2018 ఆసియా క్రీడలు, అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఫైనల్లో జపాన్. తొంభై నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయంలో 2-1తో కొరియా గెలిచింది. ఇండోనేషియాలో జరిగిన ఆ మ్యాచ్ నేను ఆఫీసులో రెండో స్క్రీన్ మీద చూశా.

అదే ఇండోనేషియాలో, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మనం దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చుకున్నాం. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. కొరియా వాళ్లు అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చారు, మనం జెర్సీ కాపీలు కొంటున్నాం. ఈ ముక్క షాపబ్బాయికి చెప్తే నమ్మలేదు, ఫోన్ తీసి వెతికి చూసి "నిజమే అన్నా" అని, పక్క షాపువాడికి కూడా చూపించాడు.

బంగారం వచ్చినా మూడు వారాల సైనిక శిక్షణ తప్పదు. 2020లో కోవిడ్‌కి లీగ్ ఆగినప్పుడు జెజు దీవిలో మెరైన్ల దగ్గర అది కూడా పూర్తి చేసొచ్చాడు. అప్పటికే బర్న్‌లీ జట్టు మీద ఆ గోల్ కొట్టి ఉన్నాడు, 2019 డిసెంబరులో. తన పెనాల్టీ బాక్స్ దగ్గర బంతి అందుకుని, పన్నెండు సెకన్లలో మైదానం ఈ చివర్నించి ఆ చివరికి, ఎదురొచ్చినవాళ్లందర్నీ దాటుకుని ఒక్కడే వెళ్లాడు. ఏడాదిలో అందమైన గోల్‌కి ఫిఫా ఇచ్చే పుష్కాస్ అవార్డు దానికే. దాన్ని నేను వర్ణించలేను, మా టర్ఫ్‌లో ప్రయత్నించా, ఐదుగురి ఆటలో కూడా సగం దూరం వెళ్లేసరికి ఊపిరి ఆగిపోయింది.

2021-22లో 23 గోల్స్, ఆఖరి రోజు నార్విచ్ మీద రెండు కొట్టి లివర్‌పూల్ ఆటగాడు సలాతో సమానం, ఇద్దరికీ గోల్డెన్ బూట్. ఆ 23లో పెనాల్టీ ఒక్కటి కూడా లేదు. పైగా దాదాపు సగం కుడి కాలితో, సగం ఎడమ కాలితో. చిన్నప్పటి ఆ బంతి ఆడించడం ఊరికే పోలేదు. తండ్రి మాత్రం అప్పుడు కూడా, మావాడు వరల్డ్ క్లాస్ కాదు అన్నాడు. మన ఇళ్లలో తొంభై ఎనిమిది వస్తే మిగతా రెండూ ఏవిరా అనే నాన్నలు ఉంటారు చూడండి, ఆ జాతి.

కప్పు మాత్రం రాలేదు. జట్టులో గోల్స్ కొట్టే కేన్ వెళ్లిపోయాడు, కోచ్‌లు మారారు, ఇతను కెప్టెన్ అయ్యాడు. 2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ ఫైనల్, మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ సీజన్ లీగ్‌లో టాటెన్‌హామ్ పదిహేడో స్థానం, అంత అధ్వాన్నం. మాంచెస్టర్ యునైటెడ్ మీద 1-0. సన్ రెండో సగంలో దిగాడు, గోల్ కొట్టింది జాన్సన్. నేను గట్టిగా అరవకూడదని దిండు కొరుక్కుంటూ చూశా, ఎందుకంటే పక్క గదిలో మా అమ్మ నిద్ర. విజిల్ వేయగానే సన్ కొరియా జెండా నడుముకి చుట్టుకుని ఏడుస్తున్నాడు, ఆయన క్లబ్బు తరఫున ట్రోఫీ గెలవడం అదే మొదటిసారి. అమ్మ లేచి వచ్చి చూసి, "ఎవరైనా పోయారా?" అంది. లేదమ్మా గెలిచారు అన్నా. "గెలిస్తే పడుకో మరి" అని లైటు ఆపేసి వెళ్లింది.

ఆగస్టు 3న సియోల్‌లో ఆఖరి మ్యాచ్, రెండు టీముల వాళ్లూ వరసలో నిలబడి చప్పట్లు కొడుతుంటే బయటికొచ్చాడు. మూడు రోజుల తర్వాత లాస్ ఏంజెలెస్.

మరి కొనాలా వద్దా? టర్ఫ్‌లో వారానికి రెండు రోజులు వేసుకోవడానికైతే కొనండి, 750కి న్యాయం చేస్తుంది. రెండు సైజులు పెద్దది తీసుకోండి. ఛాతీ గుర్తు లోపలివైపు వేలు పెట్టి తడమండి. ఇస్త్రీకి మాత్రం ఇవ్వకండి, ఆ కట్టలోకి వెళ్లకుండా విడిగా దాచుకోండి. ఇది వేసుకుని ఆవకాయ అన్నం తినకండి, నా కుడి చేతి అంచు మీద నూనె మరక ఇంకా ఉంది, నిమ్మకాయ, సోడా ఏదీ పని చేయలేదు. గోడకి ఫ్రేమ్ కట్టించుకోవాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, ఆ ముదురు రంగు "ఓ" రోజూ కళ్లకి కనిపిస్తుంది.

మొన్న ఆదివారం మావాడి స్టడ్స్ ముల్లు ఒకటి ఊడితే మళ్లీ అదే షాపుకి వెళ్లాం. వాడు దారిలో చెప్పాడు, జగ్లింగ్ ముప్పై ఒకటికి వచ్చిందట, కానీ ముప్పై ఒకటోది మోకాలితో కాబట్టి లెక్కలోకి వస్తుందా అని అడిగాడు. వస్తుందన్నా. షాపబ్బాయి నన్ను చూడగానే పైనుంచి నల్ల చొక్కా దించాడు, బంగారు రంగు అంచు, "లాస్ ఏంజెలెస్‌ది వచ్చిందన్నా, మీ సన్‌దే, గిప్పుడు రేటు ఎక్కువ" అని. అక్షరం ఎంత అంటే పాతికయిందట. మూడే కదా, అందరికీ పెంచినా మనకి పెద్ద తేడా లేదు. డబుల్ ఎక్స్ఎల్ ఉందా అని అడిగి, ఈసారి "ఓ" కూడా నంబరుకి వాడిన షీటుతోనే వేయమని పక్కనే నిలబడ్డా.